సంస్కారపు పళ్లెంలో బజ్జీల బిళ్ల

పోయిన నెలలో మా తమ్ముడి కొడుకు ప్రవీణు ఫోన్ చేసి, "అత్తా, ఈడ కొత్తగా హోటలు పెట్టినారు. శనివారం సాయంత్రం ప్రశ్నల పోటీ పెడతాండారు. నువ్వొస్తే మన జట్టుకు తిరుగుండదు" అన్నాడు. జమ్మలమడుగులో ఒంటరిగా కూర్చుని చేసేదేముంది అనుకుని ప్రొద్దుటూరికి బస్సెక్కాను. హోటలు అన్నాడే గాని, బారు కూడా అని చెప్పలేదు. బైపాసు రోడ్డు మీద దిగి చూస్తే బోర్డు మీద ఫ్యామిలీ రెస్టారెంట్ అన్న మాట గుమ్మడికాయంత ఉంది, దాని కిందే ఆవగింజంత అక్షరాలతో ఆ రెండో మాట ఉంది. వెనక్కి పోదామంటే వాడు అప్పటికే చెయ్యి పట్టుకున్నాడు. "మనం కూచునేది ఈ పక్క అత్తా, తాగేవాళ్లు ఆ అద్దాల వెనక" అన్నాడు. అద్దాలకు వాసన ఆపే శక్తి ఉందని నేను ఎక్కడా చదవలేదు.

చేతిసంచి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. నిమ్మరసం తెచ్చి పెడితే ముందు వాసన చూశాను, కొంచెం నాలుకకు తాకించి, నీళ్ల గ్లాసు తెప్పించుకున్నాను. ఒక మూల రాగి సంగటి ముద్దలు మింగే పోటీ జరుగుతోంది. నాటుకోడి పులుసు గడ్డం మీద కారుతుంటే ఒక కుర్రాడు కళ్లు తేలేస్తున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ప్రశ్నలు అడిగే అబ్బాయి మైకు పట్టుకుని సినిమాల గురించి, క్రికెట్ గురించి, మన పెన్నానది గురించి అడుగుతున్నాడు. జవాబు తెలియనివాళ్లు బల్ల కింద ఫోను చూసుకుని చెయ్యెత్తుతున్నారు. నేను ప్రవీణు వైపు చూశాను. "అందరూ చూస్తాండారులే అత్తా" అన్నాడు వాడు, అదే సమాధానమైనట్టు. ఇంతలో వడ్డించేవాడు వచ్చి మా బల్ల మీద గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి పెట్టాడు. మా జట్టు ఒక ప్రశ్న గెలిచిందట, ఆ బిళ్ల చూపిస్తే ఒక ప్లేటు ఏదో ఊరికే ఇస్తారట. ఆ బిళ్లను చేతిలోకి తీసుకున్నాక నాకు మైకు వినపడలేదు. మా చిన్నాయన పెళ్లి చెడిపోబోయిన వారం గుర్తొచ్చింది.

అప్పుడు మేము ప్రొద్దుటూరులో మిషను బడి వెనక సందులో ఉండేవాళ్లం. సందు మొత్తం మా సంఘస్థులే. నాయన బడిలో పంతులు, మిషను గుడిలో సంఘపెద్ద. అబ్బ, అంటే నాయన తండ్రి, అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు కాబట్టి ఇంట్లో చివరి మాట నాయన తల్లి, మా జేజిది. నాకు పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతున్నాను. మా ఇంటికి రెండు వాసనలు ఉండేవి. ఒకటి జేజి ఉలవలు ఉడకబెట్టే వాసన, అది రోజూ ఉండేది. రెండోది సంస్కారపు ఆదివారానికి, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజుకు, ముందు మాత్రమే వచ్చేది. గుడిలో బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసం మా ఇంట్లోనే తయారయ్యేది. ఎండుద్రాక్ష నానబెట్టి, దాల్చినచెక్క వేసి, మరిగించి, గుడ్డలో వడకట్టి సీసాకు పోసేది జేజి. పోసిన తర్వాత కూడా ఆమెకు నమ్మకం ఉండేది కాదు. ఎండలకు పులిసిపోతే అది మత్తు పదార్థమైపోతుందని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మూత తీసి వాసన చూసేది. పులియడమంటే ఆమె దృష్టిలో సాతాను ఎవరికీ తెలియకుండా చేసే పని.

సీసాలనే కాదు, మనుషుల్ని కూడా అట్లాగే వాసన చూసేది. సాయంత్రం దీపం పెట్టగానే కుటుంబ ప్రార్థన. చాపలు పరిచి గుండ్రంగా కూర్చునేవాళ్లం. నాయన వాక్యం చదువుతాడు, అమ్మ పాట ఎత్తుకుంటుంది, జేజి మాత్రం ఆ రోజు ఎవరి మీద అనుమానం ఉంటే వాళ్ల పక్కన చేరుతుంది. కళ్లు మూసుకుని చేతులు జోడించుకునే ఉంటుంది గాని ముక్కు పని చేస్తూనే ఉంటుంది. నేను సినిమా హాలు పక్కన వేరుశనక్కాయలు కొనుక్కున్న సంగతి కూడా ఆమె ప్రార్థన మధ్యలోనే పట్టుకుంది.

చిన్నాయన పేరు సుందరం. వీరపునాయునిపల్లె బడిలో పంతులు. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం ఎర్రగుంట్ల మీదుగా బస్సులో వచ్చేవాడు. వాక్యంలో దిట్ట. చిన్నప్పుడు ఆదివార బడి పోటీల్లో జిల్లా అంతటా గెలిచి తెచ్చిన ఇత్తడి గిన్నెలే మా ఇంట్లో ఇంకా వాడుతుండేవాళ్లం. అలాంటివాడు ఆ వేసవి మొదలైనప్పటినుంచి శనివారం ప్రార్థనకు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. వచ్చినప్పుడల్లా నోట్లో సోంపు. జేజి ఆయన పక్కన చేరింది.

"ఏంరా సుందరం, సోంపు యాడిది?"

"బస్సులో కడుపులో తిప్పిందిమ్మా."

"పోయిన వారం గూడా తిప్పె గదరా?"

"బస్సు అదే గదమ్మా" అన్నాడు చిన్నాయన. నాకు నవ్వొచ్చింది, నాయనకు రాలేదు.

అనుమానానికి పేరు పెట్టింది కరుణమ్మ. ఆమె మా సంఘపు బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పడం ఆమె పని, అందుకని ఊళ్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఆమెకు తెలియకుండా ఉండేది కాదు. ఒకరోజు వచ్చి అమ్మ చెవిలో, "నేను చెప్పినానని అనొద్దు మ్మే. మీ మరిదిని బ్రాందీ అంగడి కాడ చూసినా. లోపలికి పోయినాడో, పక్కన ఖాదర్ బజ్జీలంగడి కాడికి పోయినాడో ఆ దేవునికే తెలియాల. నేను చూసింది ఆడ నిలబడినంత వరకే" అంది. ఆ సమయంలో ఆమె అక్కడ ఎందుకుందో అమ్మ అడగలేదు.

దీనికి తోడు చిన్నాయనకు పెళ్లి కుదిరి ఉంది. అమ్మాయిది పులివెందుల. తండ్రి దానం గారు అక్కడి సంఘంలో పెద్ద, గొర్రెల మందలున్న మనిషి, తక్కువ మాటలవాడు. మా సంఘంలో పెళ్లి కుదిరితే వరుసగా మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. మూడోసారి కూడా ఎవరూ లేవకపోతేనే పెళ్లి. మొదటి ప్రకటన అయిపోయింది. రెండోది సంస్కారపు ఆదివారం నాడు పడింది.

సంస్కారానికి ముందురోజు శనివారం మధ్యాహ్నం సిద్ధపాటు కూడిక ఉండేది. పెద్దలు ఒక్కొక్కరినీ పిలిచి, ఎవరితోనైనా మాటల్లేకుండా ఉన్నావా, తాగుడు, జూదం ఏమైనా ఉన్నాయా అని అడిగి, తృప్తి పడితే చేతిలో ఒక ఇత్తడి బిళ్ల పెడతారు. దాని మీద చిన్న సిలువ గుర్తు ఉంటుంది. మరునాడు ఆ బిళ్ల పళ్లెంలో వేసినవాళ్లకే రొట్టె, రసం. ఎప్పుడో దొరలు పెట్టిన పద్ధతి, మిగతా ఊళ్లలో పోయినా మా గుడిలో నిలిచింది. బిళ్లల సంచి నాయన ఆధీనంలో ఉండేది. ఆ శనివారం అందరికీ ఇచ్చి, తనది జేబులో వేసుకుని, చిన్నాయన బిళ్ల ఒక్కటి సంచిలోనే ఉంచాడు. తమ్ముడు సాయంత్రం వస్తాడు, ఇంట్లోనే అడిగి ఇవ్వాలి. కానీ అడిగితే ఏం చెబుతాడో తెలియదు. చెప్పింది నమ్మాలో వద్దో అంతకన్నా తెలియదు. తెలియకుండా ఇస్తే తానే పాపంలో పాలుపంచుకున్నట్టు. మొఖం మాడ్చుకుని ఇంటికొచ్చి, పొద్దు వాలేవేళ నన్ను పిలిచి, "పద మ్మే, ఉగ్గాని తిందువు" అన్నాడు.

బజార్లో కొని తినడం బుద్ధిహీనత అని నాకు పుట్టినప్పటినుంచి చెప్పిన మనిషి. నాకు ఆయన మీదే అనుమానం వచ్చింది. దారిలో సగానికి వచ్చాక అర్థమైంది. ఒంటరిగా బ్రాందీ అంగడి దగ్గర నిలబడితే అందరూ చూస్తారు, పక్కన బిడ్డ ఉంటే టిఫిను తినిపించడానికి వచ్చాడనుకుంటారు.

ఖాదర్ అంగడి బస్టాండు వెనక ఉండేది. ఒక పక్క బ్రాందీ అంగడి, మరో పక్క లారీల షెడ్డు. ఎర్రగుంట్ల సిమెంటు లారీల డ్రైవర్లు, నేతగాళ్లు, పత్తి వ్యాపారులు, సాయంత్రమయ్యేసరికి అందరూ అక్కడే. పెద్ద బాణలిలో మిరపకాయ బజ్జీలు పొంగుతుంటే, పక్క పెనం మీద ఎర్రకారం పూసిన దోశలు. నానబెట్టిన బొరుగుల్ని ఉల్లిపాయ, పసుపుతో తాలింపు వేసి పప్పుల పొడి చల్లితే అది ఉగ్గాని. ఆ వాసన నన్ను ఎంత లాగిందో, పక్కనుంచి వచ్చే పుల్లటి వాసన అంత భయపెట్టింది. ఒక బెంచీ మీద ఇద్దరు నీళ్లు తాగకుండా మిరపకాయ బజ్జీలు తినే పందెం వేసుకుని కన్నీళ్లు కారుస్తున్నారు. ఇంకొకడు ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా బస్సాగే ఊళ్లన్నీ ఒక్క ఊపిరితో చెబుతానని మొదలుపెట్టి, వేంపల్లె దగ్గర దగ్గులో పడిపోయాడు.

అన్నిటికంటే పెద్ద సందడి ఖాదర్ ప్రశ్నలది. తాగినవాళ్లు తన బెంచీల మీదే కొట్టుకుంటున్నారని విసిగి, కొట్లాటకు నోళ్లకు తీరిక లేకుండా చెయ్యడానికి ఆయన పెట్టిన ఆట అది. అన్ని మతాలవీ, అన్ని సినిమాలవీ అడిగేవాడు. మొదట సరిగ్గా చెప్పినవాడికి నడుమ చిల్లున్న ఇత్తడి బిళ్ల ఒకటి. అది ఎప్పుడు చూపించినా ఒక ప్లేటు ఉగ్గాని, బజ్జీ.

నాయన నన్ను వెలుతురున్న చివర కూర్చోబెట్టి చుట్టూ చూశాడు. చిన్నాయన కనపడలేదు. కాసేపటికి ఖాదర్‌నే అడిగాడు, దేనికో అడిగినట్టు.

"సుందరమా? మీ తమ్ముడా అయివారూ? ఆయప్ప వస్తే ఈ నా కొడుకులకు ఒక్క బిళ్ల దొరకదు. అన్నీ ఆయప్పే కొట్టుకపోతాడు. ఈ పొద్దు ఇంగా రాలే. బస్సు ఎర్రగుంట్ల కాడ చెడిపోయిందంట."

నాయన గొంతు తగ్గించాడు. "తాగుతాడా?"

ఖాదర్ బాణలిలోంచి తలెత్తలేదు. "అది నన్నడగొద్దు సామీ. నేను బజ్జీల వరకే."

అంతటితో లేచి ఇంటికి రావాల్సింది. నా ఉగ్గాని ఇంకా సగం ఉంది. ఖాదర్ గరిటెతో బాణలి మీద టంగుమని కొట్టి తర్వాతి ప్రశ్న వేశాడు. "జలప్రళయం వచ్చె గదా. ఓడలోంచి మొట్టమొదట బయటికి ఇడిసిన పక్షి ఏది?"

"పావురం!" అని అందరూ ఒక్కసారే అరిచారు. "పావురమప్పా, ఎవురికి తెలీదు!" ఖాదర్ కూడా సరే అన్నట్టు తలూపి, ముందు అరిచిన లారీ డ్రైవరుకు ఇవ్వడానికి బిళ్ల తీశాడు.

నాయన మెడ మీద నరం లేవడం నేను చూశాను. తల తిప్పుకున్నాడు. గ్లాసులో నీళ్లు తాగాడు. మళ్లీ తల తిప్పుకున్నాడు. డ్రైవరు చెయ్యి చాచాడు.

"కాకి" అన్నాడు నాయన.

"ఏంది?"

"ముందు ఇడిసింది కాకిని. అది ఇటూ అటూ తిరగతాండె. పావురం ఆ తర్వాత." బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు కూడా, బడిలో నిలబడ్డట్టే. "లేఖనంలో ఉండేది ఒకటి, మీరు కేకలేసేది ఒకటి. తెలీకుంటే గమ్మునుండాల."

అంగడంతా గొల్లున నవ్వింది. "అయివారు కొట్టినాడ్రా!" అని డ్రైవరే నాయన భుజం తట్టాడు. ఖాదర్ ఆ నూనె చేత్తోనే బిళ్ల తెచ్చి, నాయన వద్దంటున్నా వినకుండా చొక్కా జేబులో వేశాడు. తిరిగొచ్చేటప్పుడు నాయన నాకంటే పది అడుగులు ముందు నడిచాడు. గుండెలో గుచ్చుకున్నది బిళ్ల కాదు, ఆ నవ్వుల్లో తనకు కలిగిన సంతోషం అని నాకిప్పుడు అనిపిస్తుంది.

మేము ఇల్లు చేరిన తర్వాత చిన్నాయన బస్సు దుమ్ముతో వచ్చాడు. ఆ రోజు సోంపు వాసన లేదు. నాయన ఎదురుగా నిలబెట్టి, "తాగుతావా?" అని అడిగాడు. "లేదన్నా" అన్నాడు చిన్నాయన. నాయన చాలాసేపు ఆ మొఖంలోకి చూసి, సంచిలోంచి బిళ్ల తీసి ఇచ్చాడు.

ఆదివారం అందరం బల్ల దగ్గరికి వెళ్లాం. నాయన కళ్లు మూసుకునే జేబులో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకునే పళ్లెంలో వేసేవాడు. భక్తి గల మనిషి బిళ్లను చూసుకోడు. ఆరాధన అయిపోయాక పళ్లెంలోని బిళ్లలు సంచిలో పోస్తుంటే, పెద్దల్లో పెద్ద జ్ఞానప్రకాశం గారి చేతికి సిలువ లేని బిళ్ల ఒకటి తగిలింది. నడుమ చిల్లు. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "బజ్జీల నూనె వాసన" అన్నాడు.

"ఇది ఖాదర్ అంగడి బిళ్ల గదా!" అంది కరుణమ్మ.

"నీకెట్ల తెలుసు మ్మే?" అన్నాడు జ్ఞానప్రకాశం.

"మీరు వాసన చూసినంతనే బజ్జీలని ఎట్ల కనుక్కున్నారు?" అంది ఆమె. చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది అది ఖాదర్ బిళ్లే అని చూడగానే గుర్తుపట్టారు, గుర్తుపట్టిన ప్రతివాడూ మిగతావాళ్లకు ఎట్లా తెలిసిందా అని చూశాడు. కానీ చివరికి అన్ని చూపులూ వెళ్లి ఆగింది చిన్నాయన మీద. సాయంత్రానికి పులివెందులకు కబురు వెళ్లిపోయింది. మూడో ప్రకటన నాడు తానే వస్తానని దానం గారి నుంచి తిరుగు కబురు వచ్చింది. ఎందుకు వస్తున్నాడో చెప్పలేదు.

ఆ ఆదివారమే సాయంత్రం అమ్మ ఉతకడానికి చొక్కా జేబులు తడిమింది. సిలువ బిళ్ల చేతికొచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వంటింటి గడపలో నిలబడి, "నీ బిళ్ల ఈడనే ఉండాదే! మరి పళ్లెంలో ఏమేసినావు?" అంది. నాయన చదువుతున్నది మూసేశాడు. ఆయన మొఖం ఉడకబెట్టిన గుడ్డులాగా తెల్లబడింది. నేను లోపలికి వెళ్లిపోయాను.

వారం మధ్యలో సంగతి తెలిసి చిన్నాయన పరుగెత్తుకొచ్చాడు. "చెప్పొద్దన్నా. ఎవరిదో తేలకపోతే వాళ్లే మర్చిపోతారు. నువ్వు చెప్పినావంటే నీ పెద్దరికం పోతాది" అన్నాడు. "తేలకపోతే నీదనే అనుకుంటారు రా. ఆ బిడ్డను నీకియ్యరు" అన్నాడు నాయన. జేజి గోడకు ఆనుకుని వింటోంది. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ అనుమానించాలో తేల్చుకోలేనట్టుంది, ఆ సాయంత్రం ప్రార్థనలో ఎవరి పక్కనా కూర్చోలేదు.

మూడో ఆదివారం గుడి నిండిపోయింది. ముందు వరసలో దానం గారు తెల్లపంచె, కండువాతో రాయిలాగా కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు ప్రకటన చదివి, అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగారు. నాయన లేచాడు. చిన్నాయన తల వంచుకున్నాడు.

"అభ్యంతరం కాదు, సాక్ష్యం" అన్నాడు నాయన. సిలువ బిళ్లను పైకెత్తి చూపించి, శనివారం ఎక్కడికి వెళ్లాడో, ఎందుకు వెళ్లాడో, ఏం ప్రశ్న వచ్చిందో, ఏం చెప్పాడో మొత్తం చెప్పాడు. కాకి దగ్గరికి వచ్చేసరికి వెనక ఆడవాళ్లలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. చెప్పడం అయిపోయాక, "ఆ బిళ్ల నాది. నా తమ్మునిది కాదు" అని కూర్చున్నాడు.

ఆయన అవమానానికి సిద్ధపడి వచ్చాడు. అవిశ్వాసానికి సిద్ధపడి రాలేదు.

"తమ్ముని కోసం ఇంత అబద్ధమా?" అన్నాడు జ్ఞానప్రకాశం. బాధగానే అన్నాడు, ఆ మాట నేను ఒప్పుకోవాలి. "సిలువ బిళ్ల చూపిస్తాండావు. బిళ్లల సంచి ఉండేదే మీ ఇంట్లో. ఎన్ని కావాలంటే అన్ని తీయొచ్చు. నువ్వు, ఆ అంగడి కాడ, తాగుబోతులకు జవాబు చెప్పినావా? ఎవరు నమ్ముతారప్పా?"

"ఖాదర్‌ను అడగండి."

"బ్రాందీ అంగడి కాడికి పోయి సాక్ష్యం అడగాల్నా? పోయిందెవరని రేపు మళ్లీ విచారణ పెట్టాల."

అది నిజమే. అక్కడికి వెళ్లి కనుక్కున్న పెద్దమనిషి తానే అనుమానంలో పడతాడు. నేను లేచి, "నేనూ ఆడనే ఉన్నా. నా కళ్లారా చూసినా" అన్నాను. గుడిలో ఆడపిల్ల లేచి మాట్లాడటం అదే మొదటిసారేమో, అందరూ వెనక్కి తిరిగారు. జ్ఞానప్రకాశం నా వైపు జాలిగా చూసి, "నాయన చెప్పమన్నాడా మ్మే?" అన్నాడు. నేను కూర్చున్నాను.

అక్కడికక్కడే పెద్దలు కూడి తీర్పు చెప్పారు. చిన్నాయన మీద రుజువు లేదు కనుక ప్రకటన పూర్తయినట్టే. నాయన మాత్రం ఆరాధనలో అబద్ధమాడినందుకు పెద్దరికం వదులుకోవాలి, ఆ ఏడాది చివరిదాకా బల్లకు దూరంగా ఉండాలి, ఎక్కడా నలుగురిలో ప్రార్థన చెప్పకూడదు. బజ్జీలంగడికి వెళ్లినందుకు కాదు, వెళ్లానని చెప్పినందుకు శిక్ష. పిల్లనివ్వడమూ మానడమూ దానం గారి ఇష్టం. ఆయన కండువాతో మొఖం తుడుచుకుని, "ఆలోచించుకోవాల" అన్నాడు. అంతే.

ఆ సంఘాన్ని నేను ఇవాళ తప్పుపట్టలేను. నేను కూడా ఆ నేల మీద మొలిచినదాన్నే. మెలకువగా ఉండమని మాకు నేర్పిన వాక్యాన్ని మేము ఒకరి మీద ఒకరం కాపలా కాయడమని అర్థం చేసుకున్నాం. అందులో పొరపాటుంది. కానీ ఎదుటివాడి ఆత్మ తన బాధ్యత అనుకున్నప్పుడే అంత అనుమానం పుడుతుంది. మొన్న ఆ అద్దాల హోటల్లో ఎవరూ ఎవరినీ అనుమానించలేదు. ఫోను చూసి చెప్పినవాడినీ, మింగినట్టు నటించి సంగటి ముద్ద బల్ల కింద పడేసినవాడినీ అందరూ నవ్వుతూనే వదిలేశారు. తప్పు జవాబుకు చప్పట్లు కొట్టినప్పుడు కూడా ఎవరి మెడ మీదా నరం లేవలేదు. అది శాంతమో, పట్టనితనమో నాకు తేలలేదు. ప్రవీణు సంతోషంగా ఉన్నాడు, వాడి కోసం ప్రార్థన చేస్తున్నాను. చిన్నాయన కన్నుమూసి చాలాకాలమైంది. తాగేవాడా లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. చిన్నమ్మను ఒకసారి అడిగితే, "ఎందుకే ఇప్పుడు?" అంది. ఆ జవాబు మీద కూడా నాకు అనుమానమే.

ఆ ఆదివారం మధ్యాహ్నం పులివెందులవాళ్లకు భోజనం మా ఇంట్లోనే అని ముందే అనుకున్నది. ఏం జరిగినా విస్తళ్లు వెయ్యక తప్పదు. అమ్మ, నేను తెల్లవారుజామునే లేచి వండాం. పొట్టేలు కూర, చింతపండు చారు, జేజి ఉలవల గుగ్గిళ్లు. దానం గారు వచ్చి పంక్తిలో నడుమ కూర్చున్నారు. జ్ఞానప్రకాశం గారు కూడా వచ్చి చివర కూర్చున్నారు, పిలిచిన భోజనానికి రాకపోతే పగ పెట్టుకున్నట్టవుతుందని. అందరూ నాయన వైపు చూశారు. ఇంటి యజమాని ప్రార్థన చెయ్యందే మా ఇళ్లలో మెతుకు ముట్టరు.

"నేను చెయ్యకూడదు" అన్నాడు నాయన, చారు గిన్నె పట్టుకుని నిలబడి. అబ్బ లేడు కాబట్టి దానం గారికి వియ్యంకుడి వరస నాయనదే. "బావా, మీరే చెయ్యండి."

దానం గారు లేచి కళ్లు మూసుకున్నారు. తక్కువ మాటలవాడని చెప్పాను గదా, ప్రార్థనలో మాత్రం ఆయనకు వరద వచ్చేది. వానల కోసం, గొర్రెల కోసం, రెండు సంఘాల కోసం అడిగారు. కూర చల్లారిపోతోంది. పెళ్లి సంగతి ఎత్తుకుంటారా లేదా అని చిన్నాయన ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. దానం గారు చివరికి అక్కడికి వచ్చారు. "ప్రభువా, పెండ్లింటికి పిలిస్తే పోయినావు. ఏడు రాతిబానల నీళ్లను రుచిగల ద్రాక్షరసం చేసినావు..."

"ఆరు" అన్నాడు నాయన.

మెల్లగానే అన్నాడు, కానీ ఆ ఇంట్లో ఈగ వాలినా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. జేజి, "ఒరే!" అని పళ్లు కొరికింది. నేను కళ్లు తెరిచాను. నాయన చారు గిన్నె పట్టుకుని కళ్లు మూసుకునే ఉన్నాడు. దానం గారు ఏమీ విననట్టు మళ్లీ అందుకున్నారు.

"ఆ ఏడు బానలను నింపినట్టే..."

"ఆరు బావా. ఆరు" అన్నాడు నాయన. ఈసారి గట్టిగా. అన్నాక కళ్లు తెరిచి, ఏం చేశాడో తెలుసుకుని, గిన్నె కింద పెట్టేశాడు. ఒక్క ఉదయంలో పెద్దరికం పోయింది, ఇప్పుడు తమ్ముడి మామ ప్రార్థన మధ్యలో అడ్డం పడ్డాడు. చిన్నాయన మొఖం చూస్తే అన్నీ అయిపోయాయని అర్థమైంది.

దానం గారు, "ఆరు బానలను నింపినట్టే ఈ బిడ్డల ఇంటిని నింపు తండ్రీ, ఆమేన్" అని ముగించి కూర్చున్నారు. నెమ్మదిగా అన్నంలో గుంట చేసుకున్నారు. సంఘపెద్దగా ఎన్నో పెళ్లిళ్లలో ఆ విందు గురించి ప్రసంగం చేసిన మనిషికి బానలు ఆరే అన్న లెక్క తెలియకుండా ఎట్లా ఉంటుందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"జ్ఞానప్రకాశం మామా" అన్నారు, విస్తరిలోంచి తల ఎత్తకుండానే. "దేవునితో మాట్లాడతాంటేనే ఈయప్ప గమ్మునుండలేకపాయె. ఆ తాగుబోతుల కాడ గమ్మునుంటాడంటావా?"

జ్ఞానప్రకాశం గారు నోట్లో ముద్దతో ఆగిపోయారు. దానం గారు విస్తరి ముందుకు జరిపి నాయన వైపు చూశారు.

"చారు పొయ్ బావా. పెండ్లి ఏ వారం పెట్టుకుందామో చెప్పు."